నేను ఇంటాండా

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో ముప్పావు గంట పడుతుంది. రెండేళ్లపాటు నెలకు రెండు శనివారాలు నేనూ మా అమ్మా ఆ బస్సెక్కాం. మొదట్లో నా ఒళ్లో ఒక ప్లాస్టిక్ పెట్టె ఉండేది. అమ్మ ఒళ్లో సంచి, అందులో దువ్వెన, పాత మెత్తటి తువ్వాళ్లు, ఉప్పునీళ్ల సీసా. ఒకసారి కండక్టరు పెట్టె వైపు చూసి, "ఏమమ్మా, కుట్టు మిషనా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "కాదప్పా. నోట్లోంచి రాని మాటల్ని తలకాయలోంచి పట్టుకొచ్చే మిషను."

ఆయన నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసి, టికెట్లు చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయాడు. "నమ్మలేదు సూడు," అని అమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

అమ్మ చెప్పింది ఇంచుమించు నిజమే. నేను బెంగళూరులో ఒక చిన్న బృందంలో పనిచేస్తాను. కదలలేని, మాట్లాడలేని మనుషుల మెదడులో పుట్టే సన్నటి విద్యుత్ అలల్ని తలకు తొడిగే టోపీతో అందుకుని, వాళ్లేం చెప్పదలచుకున్నారో కంప్యూటరుకు తెలిసేలా చేయడం మా పని. కోతా ఉండదు, కుట్టూ ఉండదు. టోపీ లోపల చిన్న చిన్న బిళ్లలుంటాయి. అవి నెత్తి చర్మానికి బాగా తగలాలి, అంతే. ఆఫీసులో మేము ఆ టోపీని ఒకరి తలకొకరం తొడుక్కుని పరీక్షించుకునేవాళ్లం. అక్కడ అన్నీ బాగానే పనిచేసేవి. మేమందరం ఆరోగ్యంగా ఉన్నవాళ్లం, చదువుకున్నవాళ్లం, చల్లటి గదిలో కూర్చున్నవాళ్లం.

ఎమ్మిగనూరులో మా కోసం చూసే మనిషిని నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం లేదు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ఆమె, అమ్మ పక్కపక్కనే నిలబడి పద్దెనిమిదేళ్లు పనిచేశారు. పత్తిలోంచి గింజ తీసే ఆ యంత్రాల మోతలో పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు కళ్లతో మాట్లాడుకునేవాళ్లు. వేసవి సెలవుల్లో అమ్మ నన్ను వెంట తీసుకెళ్లేది. నేను దూది కుప్ప పక్కన గోనెసంచి మీద కూర్చుని వాళ్లను చూస్తుండేదాన్ని. పెద్దమ్మ కళ్లు పైకెత్తితే మేస్త్రీ వస్తున్నాడని. ఒక కన్ను సగం మూస్తే, ఆ మేస్త్రీ గురించి ఇంటికెళ్లేటప్పుడు చెప్పాల్సిన సంగతి ఒకటుందని. అమ్మ పెదవులు బిగబట్టుకుని నవ్వు ఆపుకునేది. సాయంత్రం గేటు దాటగానే ఆ ఆపుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటికొచ్చేది. పెద్దమ్మ గొంతు పెద్దది. వీధి మొదట్లో ఆమె మాట్లాడితే మా ఇంట్లో వినపడేది. జుట్టులో, కనుబొమల మీద, చెవుల చుట్టూ తెల్లటి పీచుతో వాళ్లిద్దరూ నడిచొస్తుంటే, ఒక్క పగట్లోనే ముసలివాళ్లయిపోయినట్టు కనిపించేవారు.

తరువాత ఆ మిల్లు మూతపడింది. మరికొన్నేళ్లకు పెద్దమ్మకు మెదడు కింది భాగంలో రక్తనాళం మూసుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ మెడ నుంచి కింది వరకూ ఏదీ కదలదు, నోరు పెగలదు. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. కళ్లు పైకీ కిందికీ కదిలేవి, రెప్పలు మూతపడేవి. భర్త ఏనాడో పోయాడు, పిల్లలు లేరు. ఎమ్మిగనూరులో ఉన్న చెల్లెలు తన ఇంటికి తెచ్చుకుంది. చెల్లెలి భర్త చేనేత మనిషి. ముందు గదిలో గుంట మగ్గం, దాని పక్క గదిలో పెద్దమ్మ మంచం.

మొదటిసారి నేను అక్కడికి వెళ్లింది మా అక్షరాల పలకతో. తెర మీద తెలుగు అక్షరాలు వరుసలు వరుసలుగా వెలిగి ఆరుతుంటాయి. కావలసిన అక్షరం వెలిగినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకుంటే కంప్యూటరు పట్టుకుంటుంది. గుణింతాలను తెర మీద ఎలా అమర్చాలా అని నేను నెలల తరబడి కష్టపడ్డాను. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. పెద్దమ్మ ముందు తెర పెట్టి, ఎలా వాడాలో విడమరిచి చెప్పాను. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ ఇంట్లో అప్పటికే ఒక పద్ధతి ఉంది: కళ్లు పైకెత్తితే ఔను, గట్టిగా మూస్తే కాదు. అలిసిపోయిందనుకుని కాసేపాగి మళ్లీ చెప్పాను. మళ్లీ కళ్లు మూసుకుంది.

చెల్లెలు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "పాపా, మా యక్కకి సదువు రాదు," అంది.

అమ్మ నా వైపు చూసింది. "నీకు ఎరకే కదమ్మే?"

నాకు తెలుసు. చిన్నప్పుడు ఆదోని బస్టాండులో పెద్దమ్మ నా భుజం పట్టుకుని, "ఆ బస్సు యాడికి పోతాదో సదువు పాపా," అనేది. నేను చదివి చెప్తే, మా పాపకి ఎంత సదువొచ్చిందో చూడండని చుట్టుపక్కల వాళ్లకు వినపడేలా చెప్పేది. ఆ సంగతి నేను బెంగళూరులో ఎక్కడో మర్చిపోయాను. ఆ రోజు తిరుగు బస్సులో, ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర అమ్మ కట్టించిన ఉగ్గాని పొట్లం ఆదోని దాకా నా ఒళ్లో అలాగే ఉండిపోయింది.

తెర మీద బొమ్మలు పెట్టి చూశాం. మధ్యాహ్నానికి ఆమె రెప్పలు వాలిపోయేవి, తెర చూడటమే కష్టమయ్యేది. మిగిలింది చెవి. ఐదారు మాటల్ని ఒకదాని వెంట ఒకటి చెవిలో వినిపించాలి. తనకు కావలసిన మాట వచ్చినప్పుడల్లా ఆమె మనసులో లెక్కపెట్టుకోవాలి. ఎదురుచూస్తున్న మాట చెవిన పడితే మెదడులో ఒక చిన్న అల లేస్తుంది. పదేసిసార్లు వినిపిస్తే, ఏ మాట దగ్గర ఆ అల లేస్తోందో కంప్యూటరు కనిపెట్టి, ఆ మాటను స్పీకరులో గట్టిగా పలుకుతుంది.

చెప్పడానికి ఇంతే. కానీ మొదటి నెలంతా తలనూనెతోనే సరిపోయింది. చెల్లెలు రోజూ పొద్దున్నే అక్క తలకు ఆముదం పట్టించి, దువ్వి, జడ వేసేది. నూనె ఉంటే బిళ్లలు అంటుకోవు. నూనె పెట్టొద్దని నేను చెప్తే ఆమెకు కోపం వచ్చింది.

"కాలూ సెయ్యీ పోయినాయి, మాట పోయింది. తలకి నూనె గూడా లేకుంటే ఇంకేమి మిగిల్తాది మనిషికి?"

అమ్మే ఒక దారి చూపించింది. పెద్దమ్మ తలను ముందు నుంచి వెనక్కి ఆరు పాయలుగా విడదీసి సన్నటి జడలు అల్లింది. పాయకూ పాయకూ మధ్య దారిలా చర్మం కనిపించింది. నూనె జడలకే పట్టించాలి, దారులు ఉప్పునీళ్ల తువ్వాలుతో తుడవాలి. నేను మా వాళ్లతో మాట్లాడి, బిళ్లలు ఆ దారుల్లోనే కూర్చునేలా టోపీని మళ్లీ కుట్టించాను. ఈ మార్పు ఎక్కణ్ణుంచి వచ్చిందని బెంగళూరులో అడిగితే, మా అమ్మ దువ్వెన నుంచి అని చెప్పాను. వాళ్లు హాస్యమనుకున్నారు.

తరువాత గొంతు దగ్గర చిక్కొచ్చింది. కంప్యూటరులో ఉన్న ఆడగొంతు వార్తలు చదివే గొంతులా ఉంటుంది. "దయచేసి నన్ను పక్కకు తిప్పండి," అని అది పలకగానే పెద్దమ్మ కళ్లు మూసుకుంది.

అమ్మ పకపకా నవ్వింది. "ఆయక్క పుట్టినాక ఎప్పుడన్నా దయచేసి అనిందా? యో అక్కా, నువ్వెట్ల అంటావో నేను అంటా. సరిపోతే సెప్పు." కొంగు నడుముకు దోపుకుని, పాత రోజుల్లో పెద్దమ్మలాగా గొంతు పెంచి అంది. "ఇట్ల తిప్పండి నన్ను!"

పెద్దమ్మ కళ్లు పైకి లేచాయి. చాలాసేపు కిందికి దిగలేదు.

అలా మాటలన్నీ అమ్మ గొంతులోనే రికార్డు చేశాం. ఇంటి వెనక గదిలో తలుపులేసుకుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ అమ్మ ఒక్కో మాటను నాలుగైదు రకాలుగా అనేది. తరువాత వినిపిస్తే, ఏది బాగుందో పెద్దమ్మ కళ్లతో తేల్చేది. ఫ్యాను ఎయ్యండి. గుడ్డ మార్చండి. గొంతులో అడ్డం పడింది. ఈపు గీకండి. "గీకండి" అన్న మాటను ఆమె ఏడుసార్లు వెనక్కి పంపింది. ఎనిమిదోసారి అమ్మకు నిజంగానే విసుగొచ్చి అరిచింది. దాన్ని పెద్దమ్మ ఒప్పుకుంది.

పరీక్ష పెట్టినప్పుడల్లా చెల్లెలి భర్త మగ్గం దిగి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆ చప్పుడు ఉంటే చెవిలో మాట సరిగా వినపడదేమోనని నేనే ఆపమన్నాను. మూడో పరీక్షప్పుడో నాలుగో పరీక్షప్పుడో, ఆయన లేచి వస్తుంటే పెద్దమ్మ కళ్లు గట్టిగా మూసింది. తెరిచింది, మళ్లీ మూసింది. అమ్మ ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. నొప్పా? కాదు. టోపీ బిగుతా? కాదు. మరిది మగ్గం దిగి రావడమా? కళ్లు పైకి లేచాయి.

"నేసుకోనీ అంటావా?"

ఔను.

ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. "వదినకి మగ్గం సప్పుడు యాష్టగా ఉంటాదేమో అనుకుంటి నేను. ఇన్నాళ్లూ భయపడుకుంటా నేసినా," అన్నాడు. వెళ్లి మగ్గంలో కూర్చున్నాడు. నేను బెంగళూరుకు ఫోను చేసి, మన పరీక్షలన్నీ మగ్గం ఆడుతుండగానే చేయాలని చెప్పాను. అలా చేయడానికి మరో రెండు నెలలు పట్టింది. కంప్యూటరు ఆ ఇంటి చప్పుళ్లన్నింటికీ అలవాటు పడాల్సి వచ్చింది: మగ్గం, కుక్కరు, వీధిలో కూరగాయల బండి మైకు.

ఒకరోజు చెల్లెలు చాలా మామూలుగా అడిగింది. "పాపా, తప్పుగా అనుకోవద్దు. మా యక్క కండ్లు సూస్తే నాకు అన్నీ తెలుస్తాయి. మీ యమ్మకి ఇంకా బిర్నా తెలుస్తాయి. ఇదంతా ఏంటికి?"

అది నన్ను కూడా తొలుస్తున్న ప్రశ్నే. మేము చెమటోడ్చి తయారుచేసిన యంత్రానికి ఒక మాట చెప్పడానికి నిమిషం పట్టేది. అమ్మకు రెప్పపాటు చాలు.

రెండు వారాల తరువాత వెళ్లేసరికి పెద్దమ్మ ఎడమ చెయ్యంతా ఎర్రగా దద్దుర్లు లేచి ఉంది. చెల్లెలు పెరట్లో బట్టలు ఉతుకుతున్నంతసేపూ చీమలు మంచమెక్కి కుట్టాయి. చర్మానికి స్పర్శ ఉంది, నొప్పి తెలుస్తుంది. ఆమె కళ్లు ఎంత పైకెత్తినా, ఎంత కొట్టుకున్నా చూసే మనిషి ఎదురుగా లేదు. చెల్లెలు ఆ సంగతి చెప్తూ ఏడ్చింది. అమ్మ పెద్దమ్మ చేతికి కొబ్బరినూనె రాస్తూ నాతో, "కండ్లతో మాట్లాడాలంటే సూసేటోళ్లు ఉండాల కదా," అంది.

నేను ఆరోజు నుంచి వేగం గురించి ఆలోచించడం మానేశాను. ఆమెకు కావలసింది మాట్లాడటం కన్నా ముందు పిలవడం. పెరట్లోకి, వంటింట్లోకి, మగ్గం మోత దాటి వినిపించే పిలుపు. అది ఒక్కటి పనిచేస్తే, ఎవరో ఒకరు ఆమె ముందుకొచ్చి నిలబడతారు. మిగతాది కళ్లు చూసుకుంటాయి. జాబితాలో మొదటి మాట "రాండి!" అని పెట్టి, కొద్దిసేపటికోసారి అది ఆమె చెవిలో మెల్లగా వినిపించేలా చేశాం. అక్కర్లేకపోతే పట్టించుకోకుండా ఉండొచ్చు. పెట్టెను ఆ ఇంట్లోనే వదిలి, టోపీ తొడగడం చెల్లెలికి నేర్పాం. మొదట్లో అది ఉత్తుత్తి పిలుపులు కూడా పిలిచేది. చెల్లెలు పిండి చేతులతో పరుగెత్తుకొస్తే, పెద్దమ్మ తను పిలవలేదని కళ్లు మూసేది. నాలుగైదుసార్లు అలా జరిగాక చెల్లెలు నడుము మీద చేతులు పెట్టుకుని, "నువ్వా, మిషనా? ఎవరు నాతో ఆడుకుండేది?" అని అడిగింది. పెద్దమ్మ కళ్లలో నీళ్లు వచ్చేంత నవ్వు. ముఖం కదలకపోయినా ఆమె నవ్వితే మాకు తెలిసేది. ఒకసారి కాదు, రెండుసార్లు ఖాయం చేసుకున్నాకే పిలిచేలా మార్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

జాబితాకు ఏదైనా మాట చేర్చాలా అని నేను వెళ్లినప్పుడల్లా అడిగేదాన్ని. ఒక వర్షాకాలం మధ్యాహ్నం ఆమె ఔనంది. ఏ మాట? అమ్మ అడగడం మొదలుపెట్టింది. తిండి సంగతా? కాదు. నొప్పా? కాదు. దేవుడా? కాదు. మనుషుల సంగతా? ఔను. మేమా? కాదు. ఇంటికొచ్చేవాళ్లా? ఔను. వాళ్లను రమ్మనాలా? కాదు. పొమ్మనాలా? ఆమె కళ్లు కాసేపు అటూ ఇటూ కాకుండా ఆగి, మళ్లీ మూతపడ్డాయి. సాయంత్రం దాకా అడిగినా దొరకలేదు. ఆ రాత్రికి ఆదోని తిరిగొచ్చేశాం. రెండు వారాలు అమ్మ అదే ఆలోచనలో ఉంది.

దొరికింది అనుకోకుండా. మేము తరువాత వెళ్లినప్పుడు తుగ్గలి నుంచి వాళ్ల బంధువొకామె చూడటానికి వచ్చి ఉంది. మంచం పక్కనే కుర్చీ వేసుకుని, పెద్దమ్మ మీదుగా చెల్లెలితో మాట్లాడుతోంది. "ఎట్లుండే మనిషి ఎట్లయిపాయ! ఈ బతుకు కంటే దేవుడు తీసకపోయింటే బాగుండు. నీకు గూడా ఎంత బరువు!" చెడ్డ మనిషి కాదు. కళ్లు తుడుచుకుంటూనే అంటోంది. వచ్చినవాళ్లందరూ అంతే. పెద్దమ్మ గురించి, పెద్దమ్మ ముందే, పెద్దమ్మ వినడం లేదన్నట్టు మాట్లాడేవాళ్లు.

అమ్మ పెద్దమ్మ కళ్లు చూసింది. వంగి చెవి దగ్గర అడిగింది. "ఇంటాండా అని సెప్పాలనా అక్కా? నేను ఇంటాండా అనా?"

కళ్లు పైకి లేచాయి. ఆమె కణతల మీదుగా నీళ్లు జడల్లోకి కారాయి. అమ్మ కూడా ఏడ్చింది. నేను ఫోను తీసి, అదే వెనక గదిలో, అమ్మ గొంతు బాగయ్యేదాకా ఆగి, ఆ మాటను రికార్డు చేశాను. ఈసారి అమ్మ ఒక్కసారే అంది. పెద్దమ్మ ఒక్కసారికే ఒప్పుకుంది.

తుగ్గలి ఆమె మళ్లీ దసరాకు వచ్చింది. మేమూ ఉన్నాం. ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుని, "ఏం బతుకమ్మా ఇది," అని మొదలుపెట్టింది. పెద్దమ్మ టోపీ పెట్టుకుని ఉంది. నేను కావాలనే ఏమీ చెప్పలేదు. ఒక నిమిషం గడిచింది. ఆమె మాట మధ్యలో ఉండగానే స్పీకరు గట్టిగా పలికింది.

"నేను ఇంటాండా!"

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. పక్క గదిలో మగ్గం ఆగింది. కొంతసేపటికి ఆమె కుర్చీని తిప్పుకుని, పెద్దమ్మ ముఖానికి ఎదురుగా కూర్చుంది. "తప్పయింది వదినా," అంది. తరువాత తుగ్గలి సంగతులన్నీ నేరుగా ఆమెకే చెప్పింది. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారు, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఈసారి వేరుశనగ ఎలా ఉంది. టీ చల్లారిపోయినా చూసుకోలేదు.

ఆ తరువాతి ఏడాది నా జీవితంలో నాకిష్టమైన ఏడాది. పని ఏమీ పెద్దగా ఉండేది కాదు. ఒక బిళ్ల మార్చడం, ఒక మాట చేర్చడం. ఆ తరువాత నేను గోడకానుకుని కూర్చుంటే, అమ్మ పెద్దమ్మకు ఆదోని కబుర్లు చెప్పేది. మధ్యలో స్పీకరు, "ఇంకా సెప్పు," అనేది. అమ్మ గొంతే అమ్మను ఇంకా చెప్పమనేది. అమ్మకు అది వింతగా ఉండేది కాదు. "ఉండక్కా, సెప్తాండా కదా," అని విసుక్కునేది. మగ్గం చప్పుడు, వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న చప్పుడు, వీళ్ల కబుర్లు. నాకు తెలియకుండానే నిద్రపట్టేది. అంత గాఢమైన నిద్ర నాకు బెంగళూరులో ఎన్నడూ పట్టలేదు.

పెద్దమ్మ చివరగా చేర్పించిన మాట "పోయి రా." ఇంట్లోంచి వెళ్లేవాళ్లందరూ పోయొస్తా అంటారు. బదులు చెప్పకుండా పంపడం ఆమెకు బాధగా ఉండేదట. నేను చూసిన ఆఖరిసారి ఆమెకు దగ్గు, నీరసం. "పోయొస్తా పెద్దమ్మా," అన్నాను. స్పీకరు కాసేపటికి, "ఫ్యాను ఎయ్యండి," అంది. అందరం నవ్వాం. మళ్లీ ప్రయత్నించింది, ఏమీ పలకలేదు. బస్సుకు వేళవుతోందని, "సరేలే పెద్దమ్మా, నాకు తెలుసులే," అని బయటికొచ్చేశాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే లోపలి నుంచి వినిపించింది, అమ్మ గొంతులో. "పోయి రా." అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. మేమిద్దరం వెనక్కి వెళ్లి, ఆమె కళ్లకు కనిపించేలా నిలబడి, ఇంకోసారి చెప్పి వచ్చాం. బస్సు తప్పిపోయింది. తరువాతి బస్సుకు వెళ్లాం.

మరో మూడు వారాలకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆమె పోయింది. దినాలయ్యాక చెల్లెలు పెట్టెను శుభ్రంగా తుడిచి, తన భర్త నేసిన కొత్త తువ్వాలులో చుట్టి ఇచ్చింది. "పక్కన పెట్టొద్దు పాపా. ఎవరికన్నా ఇయ్యి," అంది.

ఇప్పుడది మంత్రాలయం దగ్గర మాధవరంలో ఒకాయన దగ్గర ఉంది. ఆయన టీ హోటలు నడిపిన మనిషి. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడే జబ్బు. చదువుకున్నాడు కాబట్టి, నా అక్షరాల పలక ఆయనకు పనికొచ్చింది. అయినా మొదటి రోజు నేను పెట్టె తెరవలేదు. ఆయన భార్య దగ్గర కూర్చుని, మాట పోకముందు ఆయన ఎవరితో ఏమనేవాడో చెప్పమన్నాను. ఆమె ముందు సిగ్గుపడింది. తరువాత, "ఎవురొచ్చినా ఊరికే పోనిచ్చేటోడు కాదమ్మా. గమ్మున పోతాండావేమి, మజ్జిగ తాగి పో, అనేటోడు," అంది. అంటూనే లేచి వంటింట్లోకి వెళ్లింది, మజ్జిగ కలపడానికి. మంచం మీంచి ఆయన కళ్లు ఆమె వెంటే వెళ్లాయి.